ఊరంతటిలో ఒక్క చప్పుడు

ఇక మిగిలింది రైలింజను ఒక్కటే. పొద్దున్నుంచి ఈ హిందూపురంలో ఎన్ని చప్పుళ్లుంటే అన్నింటి దగ్గరికీ బిడ్డను తీసుకుపోయి నిలబెట్టాను, అన్నీ అయిపోయాయి, వీటికంటే పెద్దది ఈ ఊళ్లో ఇంకేముందని అడిగితే బస్టాండు దగ్గర సోడాలమ్మే మనిషి రైలు కూత అన్నాడు, అందుకే వచ్చి ఇక్కడ కూర్చున్నాను. బెంగుళూరు నుంచి వచ్చే సాయంత్రం పాసింజరు గంట ఆలస్యమట. ఇంకో రోజైతే రైలువాళ్ల వంశాన్ని మొత్తం కడిగిపెట్టేదాన్ని, ఈ రోజు మాత్రం దాని మీద కోపం రావడం లేదు. అది రానంతసేపూ ఒక చప్పుడు మిగిలే ఉంటుంది కదా. వచ్చి, కూసి, నా బిడ్డ చౌడేశ్వరి తల తిప్పకపోతే, ఆ తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు. మూడేళ్లు నిండిన పిల్ల, ఇంతవరకు ఒక్క మాట పలకలేదు. ఈ ఊరి డాక్టరమ్మ పొద్దున చెప్పి పంపింది, ఏదైనా ఒక్క చప్పుడుకు బిడ్డ తిరిగిందంటే చీకటి పడినా సరే నా దగ్గరికి వెనక్కి రా, చెవికి పెట్టే మిషను ఉంది, మాటలు నేర్పే బడి ఉంది, దారి చూద్దాం అని. దేనికీ తిరక్కపోతే మళ్లీ రానక్కర్లేదు, రైలెక్కి ఇంటికి పో అని. అంటే ఈ రైలు ఎక్కానా, బిడ్డకు చెవి లేదని ఒప్పుకున్నట్టు. సంచిలో ధర్మవరం టికెట్టు ఉంది, దాన్ని తాకాలంటేనే భయంగా ఉంది.

ప్లాట్‌ఫారం చివర, ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం పక్కన, ఒక ముసలమ్మ గోనెపట్టా పరుచుకుని వేయించిన శనక్కాయలు అమ్ముతోంది. పేరు రామాంజినమ్మ. నేనడక్కముందే పేరు చెప్పింది, కోడలి పేరు చెప్పింది, కోడలు చేసే ఘనకార్యాలు కూడా చెప్పింది. ఇంజను ఇక్కడే ఆగుతుందని తెలిసి ఆమె పక్కనే కూలబడ్డాను. "ఈడ కూచుంటే ఇంజన్లోనే ఎక్కల్ల నువ్వు, మనుషులెక్కే పెట్టెలన్నీ ఆ పక్క నిలస్తాయి," అంది. "ఉండనీలే అవ్వా, వచ్చినాక పోతా," అన్నాను. చౌడి అప్పటికే ఆమె బుట్టకు ఎదురుగా బాసిపట్టు వేసుకుని, పట్టాలకు వీపు పెట్టి, ఒక్కో కాయా ఒలుచుకుని గింజ నోట్లో వేసుకుని పొట్టును మోకాలి పక్కన పేరుస్తోంది. ఎంత బుద్ధిగా కూర్చుందో. ఈ బుద్ధిని చూసే కదా మా ఇల్లంతా మోసపోయింది.

చెబితే ఎవరూ నమ్మరు గానీ ఇక్కడ కూర్చుని కళ్లు మూసుకుంటే ఊరంతా వినబడుతోంది నాకు. అదిగో ఆ బరబరమన్నది బెల్లం బండ్లు, మార్కెట్టు ఖాళీ అయి వెనక్కి పోతున్నాయి, బరువు లేదు కాబట్టి చక్రాల ఇనుప పట్టీలు రాళ్ల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. పొద్దున అవే బండ్లు బెల్లం దిమ్మెలతో లోపలికి వచ్చేటప్పుడు గొంతు నొక్కినట్టు మూలిగాయి. అటు, ఎడమ చెవి వైపు, రబ్బరు బుడ్డ నొక్కితే పోం అన్నది మడకశిర బస్సు. దాని వెనకాలే సన్నగా ఈలవేసింది దాని కండక్టరు. అమరాపురం బస్సు కండక్టరు ఈల వేయడు, రేకు మీద అరిచేత్తో కొడతాడు. గుర్రం డెక్కలు దగ్గరైతే అది స్టేషనుకు వచ్చే జట్కా, దూరమైతే ఎవరో దిగిపోయారు. నిన్నటి దాకా నాకు చప్పుడంటే ఒకటే, గోల. పొద్దున బండి దిగినప్పుడు కూడా అబ్బ ఏమి గోల ఊరు అనుకున్నాను. ఒక్క పగటి పూట బిడ్డ కోసమని చెవి పెట్టి నిలబడ్డానో లేదో, గోల విడిపోయి ఒక్కొక్కటి ఒక్కో మూలకు పోయి కూర్చుంది. ఇంత పెద్దది ఇన్నాళ్లూ నా చుట్టూ ఉందా అని ఆశ్చర్యంగా ఉంది. నాకు రెండు చెవులూ ఉండి కూడా ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెవి లేని పిల్ల, లేదేమోనని భయపెడుతున్న పిల్ల, చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది.

డాక్టరమ్మ పొద్దున గదిలో చిన్న ఇత్తడి గంట తీసి చౌడి వెనకాల కొట్టింది. చౌడి నా చంకలో ఉంది, చటుక్కున వెనక్కి తిరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, వినబడుతోందమ్మా అనేశాను. ఆమె గంట దించింది. బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టమంది, నన్ను గోడ దాకా పొమ్మంది, మళ్లీ కొట్టింది, ఇంకా గట్టిగా కొట్టింది. చౌడి బల్ల అంచును వేలితో గీకుతూ కూర్చుంది. "తప్పుగా అనుకోవద్దమ్మా, ఇందాక గంటకు ఉలిక్కిపడింది నువ్వు," అంది డాక్టరమ్మ. "నీ నడుము కదిలిందని బిడ్డ తిరిగింది. ఎత్తుకోని ఉన్నంతసేపూ నువ్వే దానికి చెవివి." మా ఇంట్లో మూడేళ్లుగా చెప్పుకున్నవన్నీ ఆ మాటతో కూలిపోయాయి. తలుపు కొడితే తిరిగింది, కుక్క మొరిగితే చూసింది, పిడుగు పడితే మెడ కరుచుకుంది, అన్నీ నిజమే, అన్నీ నా చంకలో ఉండగానే. బాధ తర్వాత వచ్చింది. ముందు నన్ను పట్టేసింది ఇంకొకటి. మూడేళ్లుగా ఈ పిల్ల లోకాన్ని నా ఒంట్లోంచి వింటోంది. నా నడుము ఎటు బిగుసుకుందో, నా ఊపిరి ఎక్కడ ఆగిందో, దాన్ని బట్టి ఎటు చూడాలో తెలుసుకుంటోంది. నాకే తెలియని నా ఉలికిపాట్లన్నీ దానికి తెలుసు. నన్ను అంతగా విన్నవాళ్లు ఇంకెవరున్నారు.

చౌడి ఉయ్యాలలో ఉన్నప్పటి సంగతి ఒకటుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, అప్పుడు మాత్రం గర్వంతో పొంగిపోయాను. మా ధర్మవరం నేతగాళ్ల వీధిలో పసిబిడ్డ ఉయ్యాల మగ్గం పక్కనే కడతారు, గుంటలో కూర్చుని నేసేవాడి కంటికి ఎదురుగా. మగ్గం టకటకల్లోనే బిడ్డ నిద్రపోతుంది, మగ్గం ఆగితే లేస్తుంది. లోకంలో బిడ్డలు చప్పుడుకు లేస్తే మా బిడ్డలు చప్పుడు ఆగితే లేస్తారు, అందుకే పోగు తెగినా నేసేవాడు కాలితో ఏదో ఒకటి తన్నుతూనే ఉంటాడు. చౌడికి నాలుగైదు నెలలప్పుడు వీధి మొదట్లో పెద్దాయన ఒకరు పోయారు. శవం లేచేదాకా వీధిలో ఏ మగ్గం మీదా నాడె కదలకూడదు. కబురు ఇంటింటికీ వస్తుంటే మగ్గాలు ఒకటొకటే ఆగిపోయాయి, నా పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ ఎరగని నిశ్శబ్దం దిగింది, ఆ వెంటనే వీధి పొడుగునా, ఈ ఇంట్లో ఆ ఇంట్లో, ఉయ్యాలల్లో ఉన్న బిడ్డలందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. చావుకు పెద్దవాళ్లు ఏడవక ముందే పసివాళ్లు ఏడ్చారు. ఒక్క మా ఇంట్లోనే ఉయ్యాల కదలలేదు. చూసిన అమ్మలక్కలందరూ నా అదృష్టమే అదృష్టమన్నారు. "మగ్గం ఆగినా లేయకుండా ఉండాదంటే ఇది ఎంత గట్టి పిండమో సూడండి," అని మా అత్త తిమ్మక్క పదిళ్లకు చెప్పి వచ్చింది, దిష్టి తీసింది. ఆ దిష్టికి ఎర్రనీళ్లు కలిపి ఇచ్చింది నేనే.

మా అత్త చెడ్డది కాదు. నోరు మాత్రం నాకు తగ్గ జోడీ. రెండేళ్లు దాటినా మాట రాకపోతే వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసింది, చౌడమ్మ గుడి చుట్టూ తడిబట్టలతో తిరిగింది, ఏ మందుకూ మాట రాకపోయేసరికి తేలిక చేయాలని చూసింది. "ఆడపిల్ల మాట్లాడకపోతే ఏం పోయింది, నీలావతీ, ఈ ఇంటికి నీ నోరొకటి సాలదా," అంది. నవ్వాను, నవ్వొచ్చే మాటే. కానీ ఆ రాత్రి అన్నం దిగలేదు. మా ఆయన వెంకటస్వామి మగ్గం మీద ఉన్న చీర దింపలేక రాలేదు, రైలెక్కించడానికి మాత్రం స్టేషను దాకా వచ్చాడు. "ఈ ఒక్కసారీ పోయిరా. డాక్టరమ్మ కూడా కాదంటే ఇంక ఊర్లు తిరిగేది లేదు. బిడ్డకూ అలుపే, నీకూ అలుపే," అన్నాడు. కోపంగా అనలేదు, అలా అనడమే నాకు ఎక్కువ భయమేసింది. కోపంగా అంటే ఎదురు చెప్పేదాన్ని.

డాక్టరమ్మ గదిలోంచి వచ్చి ఊళ్లో నిలబడేసరికి బజారు ఇంకా పూర్తిగా లేవలేదు. పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు, స్టేషను నుంచి పరుగెత్తే జట్కాలు, గంటలు కట్టిన ఎద్దులు. బిడ్డను చంకలో పెట్టుకుంటే నేను ఉలిక్కిపడతాను, కింద దించితే చక్రాల కింద పడుతుంది. మూసిన అంగళ్ల అరుగులు వెతుక్కున్నాను. చౌడిని అరుగు మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ముందు ఒక బెల్లం ముక్క పెట్టి, వెనకాల నేను నిలబడతాను. ఒక బండి వస్తుంది, తలను చూస్తాను. జడ వేయడానికి చాలని ఆ కాస్త జుట్టూ, కింద రెండు చెవులూ, ఒకదానికి పోగు ఉంది, రెండోది ఎక్కడో పారేసింది. బండి పోతుంది. తల కదలదు. సరే, ఇంకో మూలకు. మార్కెట్టు దగ్గరికి పోయేసరికి లారీలు మొదలయ్యాయి. చింతపండు బస్తాలు దించే హమాలీలు, దారి బిడప్పా, దారి వదులప్పా అని కన్నడంలో సగం తెలుగులో సగం అరిచే బండివాళ్లు, ఎద్దు మొరాయిస్తే దాని వెనక నిలిచిపోయిన బస్సు ఆగకుండా కొట్టే హారను. చెవులు పగిలిపోయాయి. ఆ గోల నడుమ నా బిడ్డ బెల్లం నాకుతూ, ఏటి ఒడ్డున కూర్చున్నంత ప్రశాంతంగా కూర్చుంది. ఏడుపు ముంచుకొచ్చింది. అదే సమయంలో, ఎలా చెప్పను, దాని ముందు చేతులు జోడించాలనీ అనిపించింది.

ఎప్పుడో మధ్యలో ఉలిక్కిపడటం మానేశాను. మానాలని అనుకోలేదు. లారీ హారను నా వీపు వెనకే మోగింది, కదలకుండా నిలబడ్డాను, అప్పుడు ఆ హారను మొత్తం వినబడింది. మొదలు ఎలా ఉందో, నడుమ ఎలా గరగరలాడిందో, చివర గోడకు తగిలి ఎలా తిరిగొచ్చిందో. ఉలిక్కిపడ్డవాళ్లకు చప్పుడు మొదలు మాత్రమే వినబడుతుంది కాబోలు, మిగతాది భయమే వింటుంది. అక్కడి నుంచి ఇక నన్నెవరూ ఆపలేదు. స్కూలు గంట దగ్గరికి, లాడాలు కొట్టే కొట్టం దగ్గరికి, రైల్వే గేటు దగ్గరికి. పిచ్చిదానిలా తిరిగాను. వడ్లంగడి ముందు ఒకాయన "ఏమమ్మా, ఎవురి కోసరం సూస్తాండావు?" అంటే, చప్పుడు కోసమని చెప్పలేక మా అన్న వస్తాడని చెప్పాను. మిట్టమధ్యాహ్నం ఊరికి ఏమైందో, బండ్లు వేపచెట్ల కింద ఆగాయి, బస్సులు షెడ్డులోకి పోయాయి, జట్కా గుర్రాలు సంచుల్లో మూతులు పెట్టాయి, అంత పెద్ద బజారు రోడ్డు ఎంత సద్దుమణిగిందంటే ఎవరో ఇంట్లో రోట్లో పచ్చడి నూరుతున్నది రోడ్డు మీదికి వినబడింది. అప్పుడు చూశాను ఊరి మొత్తాన్నీ. మా ధర్మవరం చీరలా ఉంది. మార్కెట్టు దగ్గర కొంగులా దట్టంగా నేసి ఉంది, బస్టాండు రోడ్డూ స్టేషను రోడ్డూ రెండు అంచులు, వెనక వీధులు చీర నడిమి సాదా ఒడలు, అక్కడక్కడ ఒక కమ్మరి కొట్టం, ఒక బడి, బుటా వేసినట్టు. నేసేవాడెవడో కనబడలేదు గానీ ఒక్క పోగు తప్పుగా లేదు. ఆ ఎండలో, ఆకలితో, బిడ్డ మీద బెంగతో ఉన్నదాన్ని, రోడ్డు మధ్యలో నిలబడి నోరు తెరుచుకుని విన్నాను.

విన్నది చెప్పుకోవడానికి మాత్రం ఎవరున్నారు. చౌడి తలెత్తి నా మొహం చూసింది. నా మొహంలో ఏముందో అది దాని మొహంలోకి వచ్చింది, కళ్లు పెద్దవి చేసి అదీ అటూ ఇటూ చూసింది. దానికి కనబడింది ఎండలో ఖాళీ రోడ్డు. అయినా నాతోపాటు ఆశ్చర్యపోయింది.

పెనుకొండలో చిన్నప్పుడు కొండ కింద నిలబడి అరిచేవాళ్లం. నా పేరు నేనే అరిచేదాన్ని, నీలా అని, కోటగోడలు కాసేపు ఆలోచించుకుని లా అని తిరిగి పంపేవి. రోజూ పోయేదాన్ని, ఒక్కరోజైనా కొండ మరిచిపోతుందేమో చూద్దామని. నాయన బండి తోలుకుంటూ వచ్చి, "కొండకే తిక్క పుట్టిస్తాండావు, పద ఇంటికి," అనేవాడు. ఊళ్లో నా గొంతు పేరు మోసింది, సన్నగా కోసినట్టుండేది, ఇప్పుడూ అంతే. పెళ్లిచూపుల్లో మా అత్త ఆ గొంతు వినే, పిల్ల గుంటలో పడ్డా పిలిస్తే వినబడతాదిలే అని ఒప్పుకుందట. ఆ గొంతుతోనే మూడేళ్లు పాడాను ఈ పిల్లకు. జోలలు, తిట్లు, ముద్దులు, ఊళ్లో కబుర్లు, పప్పులో ఉప్పెక్కువైంది లాంటివి కూడా. ఒక కొండే జవాబు చెప్పిన గొంతుకు నా పొట్టలో పుట్టిన పిల్ల తిరగదు. కొండకు చెవులెక్కడివి, రాయి తిప్పి కొట్టింది అంతే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. తెలియనప్పుడే బాగుంది.

రామాంజినమ్మ చాలాసేపటి నుంచి చౌడినే చూస్తోంది. "బిడ్డ పలకదేమ్మా? నేను ఇందాకట్నుంచి పేరడుగుతాండా," అంది. డాక్టరమ్మ దగ్గర కూడా మాట ఇంకా రాలేదనే అన్నాను నేను, ఇంట్లో అందరం అనే మాట అదే. ఈసారి వేరే మాట వచ్చింది. "చెవుడేమో అవ్వా," అన్నాను. అనేశాక ఆమె మొహంలోకి చూశాను. ముసలమ్మ అయ్యో అనలేదు, దేవుణ్ణి పిలవలేదు. ఒక కాయ ఒలిచి పిల్ల చేతిలో పెట్టింది. "రైలు కూతకు తిరుగుతాదేమో సూద్దామని కూచున్యా," అన్నాను. అనగానే ఒక ఆలోచన తట్టింది. పొద్దున్నుంచి పట్టిపట్టి ఉలికిపాటు మానుకున్నాను గానీ ఇది ఆఖరిది. ఆఖరిదాని దగ్గర నా ఒంటిని నేను నమ్మలేను. "అవ్వా, రైలొచ్చేటప్పుడు నీకు భయమైతాదా?" అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా మొగుడు బతికున్నప్పట్నుంచి ఈ కూత వింటాండా. మొగుడు అరిస్తేనే ఉలికిపడలేదు, దీనికి పడతానా," అంది. అయితే కాసేపు బిడ్డను ఒళ్లో పెట్టుకోమన్నాను. కాళ్లు చాపి, చౌడిని ఎత్తి తొడల మీద కూర్చోబెట్టుకుని, మొహం బుట్టవైపే తిప్పింది. నేను లేచి వెనక్కి పోయి నీళ్ల గొట్టం స్తంభానికి ఆనుకున్నాను.

సిగ్నలు చెయ్యి కిందికి వాలింది. పట్టాల్లో ముందు ఒక చిన్న గుసగుస, ఆ తర్వాత దూరంగా నల్లటి చుక్క, దాని మీద పొగ. గేటు దగ్గరే కూత మొదలుపెట్టాడు డ్రైవరు. ఎంత పొడుగు కూత. ఊరినంతా అడ్డంగా చీల్చుకుంటూ వచ్చింది. జట్కా గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది, కూలీలు తలలు తిప్పారు, నిద్రపోతున్న కుక్క లేచి పక్కకు జరిగింది. దగ్గరికొచ్చాక మరోసారి కూసింది, ఇనుము ఇనుముకు రాసుకుంది, ప్లాట్‌ఫారం కాళ్ల కింద వణికింది, స్తంభం నా వీపులో వణికింది. రామాంజినమ్మ కదల్లేదు. మాట నిలబెట్టుకుంది. చౌడి గింజ నోట్లో వేసుకుంది, పొట్టును తీసి ముసలమ్మ మోకాలి మీద పెట్టింది, ఇంకో కాయకు చెయ్యి చాచింది. ఇంజను మమ్మల్ని దాటి, నాలుగడుగుల అవతల ఆగి, తెల్లటి ఆవిరి వదులుతూ నిలబడింది. తల తిరగలేదు.

అంతే. ఏడుపు కూడా రాలేదు. ఏదో పెద్ద పని ముగిసినప్పుడు వచ్చే అలసట వచ్చింది. సంచి తీసుకున్నాను, టికెట్టు పిడికిట్లో పెట్టుకున్నాను. ఇంటికి పోయి ఏమి చెప్పాలో మాటలు కూర్చుకోవాలి, సైగలు నేర్చుకోవాలి, నవ్వడానికి ఒకటి, అన్నానికి ఒకటి, వాన వస్తోంది అనడానికి ఒకటి. ఈ రోజు విన్న ఊరికి సైగ ఏముంటుంది. పెట్టెల వైపు జనం పరుగెడుతున్నారు, "పో తల్లీ, బండి కదులుతాది," అంది రామాంజినమ్మ, నా కాళ్లు కదల్లేదు. కదలాలని చెబుతున్నాను, అవి వినడం లేదు. ఎక్కితే లేదని ఒప్పుకున్నట్టే. ఇంకొక్క క్షణం ఒప్పుకోకుండా నిలబడతాను, ఇంకొక్కటి. వెనకెక్కడో గార్డు ఈల వేశాడు. ఇంజను కూసింది, చౌడికి పట్టలేదు. ఆ తర్వాత ఇంజను కడుపులోంచి, ఎంత లోతునుంచో, ధమ్ అని ఒక్క దెబ్బ.

చౌడి నమలడం ఆపింది.

నేను స్తంభాన్ని వదల్లేదు. ఊపిరి బిగబట్టాను. చక్రం ఇంకా సగం తిరిగింది, రెండో ధమ్, పొగగొట్టంలోంచి ముద్దగా లేచింది. నా బిడ్డ తల తిరిగింది. నా వైపు కాదు, ముసలమ్మ వైపు కాదు, ఎడమ భుజం మీదుగా వెనక్కి, సూటిగా ఇంజను పొగగొట్టం వైపు. ఇందాక ప్లాట్‌ఫారమంతా వణికినా తిరగని తల. మూడో దెబ్బకు కళ్లు పైకెత్తింది. నాలుగోదానికి నోట్లో ఉన్న గింజ కింద పడిపోయింది. పొద్దున్నుంచీ నేను వెతికింది పెద్ద చప్పుడును, ఎంత పెద్దదైతే అంత మంచిదనుకున్నాను, కోసేవి, కూసేవి, చెవులు పగలగొట్టేవి. దీనికి కావలసింది ఇది, నేల అడుగునుంచి వచ్చే లావుపాటి చప్పుడు. ఊరంతటిలో ఇది ఒక్కటే దాని దగ్గరికి చేరింది. రామాంజినమ్మ పిల్లను చూసింది, నన్ను చూసింది, "తిరిగినాదే తల్లీ," అని మెల్లగా అంది.

పెట్టెలన్నీ నా ముందునుంచి పోయాయి, గార్డు పెట్టె కూడా పోయింది. నేను పోయి బిడ్డ వెనకాల మోకాళ్ల మీద కూర్చున్నాను, తాకలేదు. చౌడీ అన్నాను, నా మామూలు గొంతుతో. వినబడలేదు, ఆ గొంతు దానికి వినబడదు, ఇప్పుడు తెలుస్తోంది. అయినా వింటోంది. పెనుకొండ వైపు పోతున్న పొగ మీద కళ్లు నిలిపి, నోరు సగం తెరిచి, ఆ ధమ్ ధమ్‌ను వింటోంది, దానికీ నాకూ మొదటిసారి ఒకే చప్పుడు, ఇద్దరం కలిసి వింటున్నాం. చీకటి పడితే పడనీ, డాక్టరమ్మ తలుపు కొడతాను. చప్పుడు దూరమైంది, చిన్నదైంది, చౌడి మెడ ముందుకు చాచింది, ఇంకాస్త చాచింది, కాసేపటికి వెనక్కి తిరిగి నా చేతిలో ఒక కాయ పెట్టి ఒలవమన్నట్టు చూసింది. దానికి రైలు వెళ్లిపోయింది. నాకు ఇంకా వినబడుతూనే ఉంది. కాయ ఒలిచి ఇచ్చి, మిగిలినదంతా నేనొక్కదాన్నే విన్నాను.